చవక ట్యాబ్లెట్, ఈ-రీడర్: ఏ తెలుగు పుస్తకం ఏ తెర మీద చదవాలి?

కిండిల్ లాంటి ఆరంగుళాల ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) చేతికి రాగానే తెలుగు పాఠకులు చాలామంది చేసే పని ఒకటే. ఎప్పటినుంచో చదవాలనుకుంటున్న పాత నవల పీడీఎఫ్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకుని అందులో వేస్తారు. పేజీ తెరుచుకుంటుంది గానీ అక్షరం కంటికి ఆనదు. పెద్దది చేస్తే వరుస తెర దాటిపోతుంది. పక్కకి జరిపి వరుస పూర్తి చేసి, మళ్లీ వెనక్కి జరిపి కింది వరుస వెతుక్కోవాలి. నాలుగు పేజీలకే కళ్లూ చేయీ అలిసిపోతాయి. ఆ తర్వాత ఆ పరికరం సొరుగులోకి వెళ్లిపోతుంది.

ట్యాబ్లెట్‌కి పట్టే గతి ఇంకోలా ఉంటుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది, మూడు నాలుగేళ్లకే నత్తనడక నడుస్తుంది. యాప్ తెరిస్తే ఒక పట్టాన తెరుచుకోదు. చివరికి వంటింట్లో యూట్యూబ్ చూడటానికి మిగులుతుంది.

రెండూ పనికొచ్చే వస్తువులే. కొత్తది కొనక్కర్లేకుండా వాటితో తెలుగు హాయిగా చదువుకోవచ్చు. కాకపోతే పరికరం కంటే ముందు అందులో వేసే ఫైలు సంగతి తెలియాలి. ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారికి దీంతో పెద్దగా పని పడదు. స్టోర్‌లో కొంటారు, అక్షరం పెద్దది చేసుకుంటారు, చదువుకుంటారు. మనకు ఆ సదుపాయం రాలేదు. 2016 చివర్లో అమెజాన్ వారి కిండిల్ స్టోర్ భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు ఆ జాబితాలో లేదు. కోట్ల మంది మాట్లాడే భాషకు ఇది చిన్న లోటు కాదు. అందుకే మన చేతికొచ్చే తెలుగు ఈ-పుస్తకాలు రకరకాల దారుల్లో, రకరకాల రూపాల్లో వస్తాయి. ఏ రూపంలో వచ్చిందో తెలిస్తే ఏ తెర మీద చదవాలో తేలిపోతుంది.

ఒక్క నిమిషం పరీక్ష

పీడీఎఫ్‌ని ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరవండి. ఒక వాక్యం ఎంచుకుని, కాపీ చేసి, నోట్స్‌లోనో వాట్సాప్ మెసేజ్ రాసే చోటో అతికించండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది.

తెలుగే వచ్చిందంటే అది యూనికోడ్ ఫైలు. అక్షరం లోపల అక్షరంగానే ఉంది. ఒత్తులు అక్కడక్కడా అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు, పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే అలా జరుగుతూనే ఉంటుంది. అదే పుస్తకం ఈపబ్ రూపంలో దొరికితే ఇంకా మంచిది. ఈపబ్‌లో పేజీకి స్థిరమైన కొలత ఉండదు. తెర ఎంత ఉంటే అంతలో వాక్యాలు సర్దుకుంటాయి.

తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి అర్థం లేని ముద్ద వచ్చిందంటే అది అను, శ్రీలిపి లాంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు గజిబిజి. మన పత్రికలు, ప్రచురణకర్తలు ఏళ్ల తరబడి ఈ ఫాంట్ల మీదే పనిచేశారు కాబట్టి ఈ మధ్యకాలపు పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో వెతకడం కుదరదు, నిఘంటువు పనిచేయదు, అక్షరం సైజు మార్చడం సాధ్యం కాదు.

అసలు ఏ వాక్యమూ ఎంచుకోవడానికే దొరకలేదంటే అది స్కాన్. పేజీకి ఒక ఫోటో, అంతే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేయించి, తర్వాత ఆర్కైవ్‌లోకి చేరిన వేలాది తెలుగు పుస్తకాలు ఈ కోవలోవే. ఆర్కైవ్‌లో చాలా పుస్తకాల పక్కన ఈపబ్ అని ఒక లింకు కూడా కనిపిస్తుంది. పాత తెలుగు స్కాన్ల విషయంలో దాన్ని నమ్ముకోకండి. తెలుగు చదవడం రాని యంత్రంతో ఆ అక్షరాలు గుర్తింపజేశారు గనుక చాలా పుస్తకాల్లో తెరిస్తే చెత్త అక్షరాలే ఉంటాయి. పీడీఎఫే దించుకోండి.

ఈ మూడు రకాల్లో మొదటిది ఈ-రీడర్‌కి, మిగిలిన రెండూ ట్యాబ్లెట్‌కి. చాలావరకు గొడవ ఇక్కడే తీరిపోతుంది. ఒకే పరికరం చేత అన్నీ చేయిద్దామని పట్టుబట్టినప్పుడే కష్టం.

ఈ-రీడర్ దేనికి బాగుంటుంది

1997లో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధన నుంచి పుట్టిన ‘ఈ-ఇంక్’ అనే కంపెనీ ఈ-రీడర్ తెరలకు పేరు తెచ్చింది. తెర నిండా కంటికి కనిపించనంత చిన్న బుడగలుంటాయి. ఒక్కో బుడగలో నల్లటి, తెల్లటి రేణువులు, ఎదురెదురు విద్యుదావేశాలతో. కరెంటు ఎటు ఇస్తే ఆ రంగు రేణువులు పైకి తేలతాయి. ఒకసారి తేలాక కరెంటు తీసేసినా అక్కడే ఉండిపోతాయి. పేజీ తిప్పినప్పుడే ఖర్చు, చదువుతున్నంతసేపూ తెరకు ఖర్చు లేదు. కంటిలోకి నేరుగా వెలుగు కొట్టదు. ఎండలో కూడా కాగితంలాగే కనిపిస్తుంది. మే నెలలో అరుగు మీద కూర్చుని చదవగలిగే తెర ఇదొక్కటే.

బ్యాటరీ గురించి కంపెనీలు చెప్పే మాటను కాస్త విప్పి చూడాలి. ‘ఆరు వారాలు’ అంటే రోజుకి అరగంట చదువు, వై-ఫై ఆపి ఉంచడం అనే లెక్క మీద. 42 రోజులు, రోజుకి అరగంట, అంటే 21 గంటల చదువు. ఇది తక్కువేం కాదు. కానీ రోజుకి మూడు గంటలు చదివేవారికి వారంలో ఛార్జింగ్ అయిపోతే పరికరం పాడైందని అనుకోనక్కర్లేదు. వై-ఫై ఆపేయండి, వెలుగు గదికి తగినంతే పెట్టండి. పూర్తిగా సున్నాకి పడిపోయిన బ్యాటరీతో నెలల తరబడి సొరుగులో పడేయకండి, లిథియం బ్యాటరీకి అదే పెద్ద హాని.

ఇక తెలుగు. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి, తకారాన్నీ రకారాన్నీ ఒత్తులుగా మార్చి, ఎక్కడ ఏది కూర్చోవాలో లెక్కగట్టి ఒకే రూపంగా చూపించే పని రీడర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ది. తెలుగు ఫాంట్ వేసినంత మాత్రాన పని కాదు. ఫాంట్ ఉండి ఈ కలిపే శక్తి లేకపోతే ‘స్‌త్‌రీ’ అని విడివిడిగా కనిపిస్తుంది. ఫాంటే లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు, అందుకే ఏది కనిపిస్తోందో చూసుకోవడం అవసరం. కొనేముందు వీలైతే స్నేహితుల పరికరంలో ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, వాఙ్మయం’ అని రాసిన చిన్న ఫైలు వేసి చూడండి. ఈ ఐదూ సరిగ్గా వస్తే మిగతా తెలుగంతా వచ్చినట్టే.

డబ్బాలకు మందు సులువు. కిండిల్‌లో 2018 నుంచి సొంత ఫాంట్లు వేసుకునే వీలుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే ‘ఫాంట్స్’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది, అందులో ఫాంట్ ఫైలు పెట్టి, పుస్తకం తెరిచాక దాన్ని ఎంచుకోవాలి. కోబో అనే ఇంకో కంపెనీ ఈ-రీడర్లలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. చదువుకోవడానికి నా ఓటు మండలికి, లేదా నోటో సెరిఫ్ తెలుగుకి. రామభద్ర శీర్షికలకు అందంగా ఉంటుంది గానీ పేజీలకు పేజీలు చదవడానికి బరువు. వరుసల మధ్య ఖాళీ కాస్త పెంచండి. పైన గుళ్లు, కింద ఒత్తులు ఉండే లిపికి ఇంగ్లీషు కోసం పెట్టిన ఖాళీ సరిపోదు.

విడిపోయిన ఒత్తులకు మందు ఇంకో రీడర్ సాఫ్ట్‌వేర్. కేఓ రీడర్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. కోబో, పాకెట్‌బుక్ రీడర్లలో, ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో వేసుకోవచ్చు. ఒత్తులు కలిపే ఇంజిన్ అందులోనే ఉంది కాబట్టి సరైన ఫాంట్ ఇస్తే తెలుగు శుభ్రంగా వస్తుంది. కిండిల్‌లో వేయాలంటే దాని సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ వేసిన తాళం బద్దలుకొట్టాలి (జైల్‌బ్రేక్). అందరికీ నేను ఆ సలహా ఇవ్వను. కొత్తగా ఈ-రీడర్ కొనాలనుకునే తెలుగు పాఠకులు మాత్రం ఈ ఒక్క కారణానికైనా ఇతర కంపెనీల వైపు ఒకసారి చూడాలి.

కిండిల్ ఉన్నవారు ఫైళ్లు పంపే పద్ధతి తెలుసుకోవాలి. కేబుల్‌తో నేరుగా ఈపబ్ కాపీ చేస్తే కిండిల్ దాన్ని తెరవదు. ‘సెండ్ టు కిండిల్’ ద్వారా పంపితే 2022 నుంచి ఈపబ్‌ను తీసుకుని తనకు కావాల్సిన రూపంలోకి మార్చుకుంటోంది. ఈమెయిల్‌తో అయితే 50 ఎంబీ వరకు, వెబ్‌సైట్‌లో అయితే 200 ఎంబీ వరకు పంపొచ్చు. ఇలా వచ్చిన పుస్తకంలో తెలుగు తేడాగా కనిపిస్తే క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, తెలుగు ఫాంట్‌ను పుస్తకంలోనే పొదిగి, ఏజెడ్‌డబ్ల్యూ3 అనే కిండిల్ రూపంలోకి మార్చి కేబుల్‌తో వేసి చూడండి. ఇంకో సంగతి: కొన్న పుస్తకాలను వెబ్‌సైట్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. అందుకే బయట దొరికిన తెలుగు పుస్తకాల ఫైళ్లను కంప్యూటర్‌లోనో మెమరీ కార్డులోనో ఒక ప్రతి విడిగా దాచుకోండి.

యూనికోడ్ తెలుగు పుస్తకాలు దొరికే చోటు

ఈ-రీడర్‌కి సరిపోయే ఈపబ్‌లు ఎక్కడున్నాయి? అన్నిటికంటే ముందు తెలుగు వికీసోర్స్. కాపీహక్కులు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు స్కాన్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దిద్ది యూనికోడ్‌లోకి తెస్తున్నారు. ఏ పుస్తకాన్నైనా అక్కడినుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు. దించుకునే ముందు ఆ పుస్తకం సూచిక పేజీ చూడండి. పేజీ అంకెలు రంగుల్లో ఉంటాయి. ఎరుపంటే ఇంకా దిద్దలేదు, పసుపంటే ఒకరు దిద్దారు, ఆకుపచ్చ అంటే ఇద్దరు చూశారు. పసుపు, ఆకుపచ్చ నిండుగా ఉన్న పుస్తకం నిశ్చింతగా చదువుకోవచ్చు. ఎరుపు ఎక్కువుంటే అచ్చుతప్పులకు సిద్ధపడాలి, లేదా మీరే నాలుగు పేజీలు దిద్దొచ్చు, ట్యాబ్లెట్ మీద ఆ పని బాగానే సాగుతుంది.

మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. 1961లో చనిపోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. ఈ లెక్క చూసుకుంటే ఏది స్వేచ్ఛగా దించుకోవచ్చో, ఏది కొనుక్కోవాలో తెలిసిపోతుంది. బతికున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. తెలుగులో పుస్తకం అమ్మి బతకడమే కష్టంగా ఉన్నప్పుడు అవి దించుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. గూగుల్ ప్లే బుక్స్‌లో కొనుక్కునే తెలుగు పుస్తకాలున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలను ఈ-పుస్తకాల సైట్‌లో ఉచితంగానే ఉంచింది.

స్కాన్ పుస్తకానికి కొలత కుదరాలి

ఈ భాగం చాలామంది పట్టించుకోరు. పట్టించుకుంటే పాత ట్యాబ్లెట్ విలువ తెలుస్తుంది.

మన నవలలు, కథల పుస్తకాలు ఎక్కువగా డెమీ 1/8 సైజులో వస్తాయి. వెడల్పు ఐదున్నర అంగుళాలు, ఎత్తు ఎనిమిదిన్నర. ఆరంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు సుమారు 3.6 అంగుళాలు, ఎత్తు 4.8. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే అసలు సైజులో 57 శాతం అవుతుంది. 12 పాయింట్ల అక్షరం ఏడు పాయింట్ల కంటే చిన్నదైపోతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ సైజులో ఎలాగోలా చదవొచ్చు. తెలుగులో మకారానికీ యకారానికీ, పకారానికీ వకారానికీ తేడా తెలియదు, ఒత్తు చుక్కలా మిగులుతుంది. ఏ4 సైజు పీడీఎఫ్ అయితే 41 శాతమే. తెర ఎంత నాణ్యమైనదైనా, అంగుళానికి 300 చుక్కలున్నా, ఈ లెక్క మారదు.

ఇప్పుడు ట్యాబ్లెట్ చూడండి. మామూలు 10.1 అంగుళాల ట్యాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.35 అంగుళాలు, ఎత్తు 8.56. దాదాపు డెమీ పుస్తకం పేజీయే! ఆర్కైవ్‌లో దించుకున్న పాత నవల దీని మీద అచ్చు పుస్తకం సైజులోనే కనిపిస్తుంది. పెద్దది చేయక్కర్లేదు, జరపక్కర్లేదు. చవక ట్యాబ్లెట్ తెలుగు స్కాన్ పుస్తకాలకు ఖరీదైన ఈ-రీడర్ కంటే మేలని నేను అనేది ఇందుకే.

చిన్న ట్యాబ్లెట్లకూ ఉపాయం ఉంది. 8.7 అంగుళాల తెర వెడల్పు దాదాపు నాలుగున్నర అంగుళాలు, ఎత్తు ఏడున్నర. డెమీ పేజీలో నాలుగు వైపులా మార్జిన్లు తీసేస్తే అచ్చు ఉన్న భాగం సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఏడంగుళాల ఎత్తు ఉంటుంది. అంటే మార్జిన్లు కత్తిరిస్తే చాలు, ఇందులోనూ అసలు సైజులోనే చదవొచ్చు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా పంచిన ట్యాబ్‌లు కూడా 8.7 అంగుళాలవే. అలాంటి తెరలు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నాయి.

మార్జిన్లు కత్తిరించడానికి రీడ్‌ఎరా యాప్ హాయిగా ఉంటుంది. ఉచితం, ప్రకటనలు లేవు. పుస్తకాన్ని విప్పి రెండు పేజీలూ కలిపి ఒకే ఫోటోగా స్కాన్ చేసినవాటిని పేజీకి పేజీ విడదీసి చూపించే ఏర్పాటు కూడా అందులో ఉంది. పాత పత్రికల స్కాన్లకు ఇది చాలా అవసరం. కేఓ రీడర్‌లో మార్జిన్లు వాటంతటవే కత్తిరించుకునేలా పెట్టొచ్చు. పైగా వెలిసిపోయిన అచ్చును ముదురు చేసే సర్దుబాటు ఉంది. పసుపు తిరిగిన కాగితం స్కాన్‌కి ఇది పెట్టగానే తేడా కనిపిస్తుంది.

ఇంట్లో ఈ-రీడర్ ఒక్కటే ఉందా? అయినా దారి ఉంది. మార్జిన్లు తీసేసి, రీడర్‌ను అడ్డంగా తిప్పండి. అచ్చు భాగం నాలుగుంపావు అంగుళాలు, అడ్డంగా తెర 4.8 అంగుళాలు. అక్షరం అచ్చు పుస్తకంలో కంటే కాస్త పెద్దగానే కనిపిస్తుంది! ఒక పేజీ రెండు మూడు తెరలుగా వస్తుంది, పై నుంచి కిందికి తప్ప పక్కకి జరపాల్సిన పని ఉండదు. కంప్యూటర్ మీద ముందుగా కత్తిరించి పెట్టుకోవడానికి కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత పనిముట్టు ఉంది. అది పేజీని బొమ్మగా చూసి, వరుసల్నీ మాటల్నీ బొమ్మ ముక్కలుగా కోసి చిన్న తెరకు తిరిగి పేరుస్తుంది. భాషతో, ఫాంట్‌తో దానికి సంబంధం లేదు కాబట్టి అను ఫాంట్ల పీడీఎఫ్‌కీ స్కాన్‌కీ పనికొస్తుంది. అయితే మన ఒత్తులు కింది వరుసకి దగ్గరగా వేలాడుతుంటాయి. వరుసలు కోసేటప్పుడు అవి తెగిపోయే ప్రమాదం ఉంది. మొదట ఓ పది పేజీలు చేసి చూసుకుని ఆ తర్వాతే పుస్తకం మొత్తం చేయండి.

స్కాన్ ఫైళ్లు ఈ-రీడర్‌లో మెల్లగా తెరుచుకోవడానికి కారణం కూడా తెలుసుకుంటే మంచిది. ఆర్కైవ్ పీడీఎఫ్‌లను బాగా కుదించి ఉంచుతారు. ప్రతి పేజీనీ విప్పి చూపించడానికి ఈ-రీడర్‌లోని చిన్న ప్రాసెసర్ కష్టపడుతుంది. నలుపు తెలుపుల్లోకి మార్చి వేసుకుంటే వేగం పెరుగుతుంది, అక్షరమూ స్పష్టంగా వస్తుంది.

మందగించిన ట్యాబ్లెట్‌ని దారికి తేవడం

చవక ట్యాబ్లెట్లు మెల్లబడటానికి చాలాసార్లు నిల్వ స్థలం నిండిపోవడమే కారణం. వీటిలో వాడే ఈఎంఎంసీ మెమరీ మామూలుగానే నెమ్మది, నిండుతున్న కొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. 32 జీబీలో కనీసం ఐదారు జీబీ ఖాళీ ఉంచండి. ఫోటోలు, వీడియోలు, పుస్తకాలు మెమరీ కార్డులోకి మార్చండి, యాప్‌లు మాత్రం లోపలే ఉంచండి. వాడని యాప్‌లు తీసేయండి, తీయడం కుదరని వాటిని ‘డిసేబుల్’ చేయండి. ‘ర్యామ్ బూస్టర్’, ‘క్లీనర్’ అని వచ్చేవి వేయకండి, అవే వెనక నడుస్తూ ర్యామ్ తింటాయి. సెట్టింగ్స్‌లో కనిపించే అదనపు ర్యామ్ కూడా ఆ నెమ్మది మెమరీలోంచి తీసుకునేదే, ఆపేసి చూడండి. డెవలపర్ ఆప్షన్లలో యానిమేషన్ వేగాన్ని సగానికి మారిస్తే చేతికి చురుగ్గా అనిపిస్తుంది. ఇవన్నీ చేసినా లాభం లేకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, చదువుకి కావాల్సిన నాలుగు యాప్‌లే వేయండి.

కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయిన పాత ట్యాబ్లెట్‌లో బ్యాంకు యాప్‌లు, యూపీఐ పెట్టకండి. పుస్తకాలకు అది భేషుగ్గా సరిపోతుంది.

కొత్తగా కొనేవారు పది అంగుళాల తెరకు 1920×1200 రిజల్యూషన్ ఉందో లేదో చూడాలి. 1280×800 అయితే అంగుళానికి 149 చుక్కలే పడతాయి, ఒత్తుల అంచులు అలుక్కుపోయినట్టుంటాయి. 1920×1200 అయితే 224. ర్యామ్, కెమెరా గురించి చేసే ఆలోచనలో సగం దీని మీద పెట్టినా చాలు. సినిమాలు కూడా చూసేవారు వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) ఎల్1 స్థాయిలో ఉందా అని అడగాలి. ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఫైర్ ట్యాబ్లెట్లు చవకే గానీ వాటిలో గూగుల్ ప్లే ఉండదు, లాక్ స్క్రీన్ మీద ప్రకటనలుంటాయి. వాటి మీద చదవడానికి కేఓ రీడర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అక్కడే ఉండే మనవారికి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని కిండిల్‌కి పంపుకునే వీలు అమెరికాలోనే ఉంది.

రాత్రిపూట ట్యాబ్లెట్ మీద చదివేవారు డిజిటల్ వెల్‌బీయింగ్‌లో గ్రేస్కేల్ పెట్టి, వెలుగు గదికి సమానంగా తగ్గించి, ఫ్లైట్ మోడ్‌లో వేయండి. రంగు పోయి, నోటిఫికేషన్లు ఆగితే అదే ట్యాబ్లెట్ మీద ధ్యాస నిలుస్తుంది. ఇది నేను గట్టిగా నమ్మే సలహా.

నిఘంటువు, గొంతు

యూనికోడ్ పుస్తకానికి ఉన్న అసలు సౌఖ్యం ఇక్కడ తెలుస్తుంది. కేఓ రీడర్‌లో స్టార్‌డిక్ట్ రూపంలో దొరికే తెలుగు నిఘంటువులు వేసుకోవచ్చు. మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది. కానీ ‘చెట్లలోంచి’ మీద పెడితే రాదు, నిఘంటువులో ఉండేది ‘చెట్టు’. విభక్తులు, సంధులు మాటకి అతుక్కుపోయే భాష మనది. అందుకే వెతికే చోట మాటను దిద్ది మూలరూపం రాయడం అలవాటు చేసుకోవాలి. నెట్ ఉంటే ఆంధ్రభారతి సైట్‌లో ఎన్నో నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. పాత వచనం చదివేవారికి అంతకంటే మంచి తోడు నాకు తెలిసి లేదు.

చూపు తగ్గిన పెద్దవాళ్లకు ట్యాబ్లెట్ చదివి వినిపిస్తుంది. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌కి వెళ్లి, గూగుల్ ఇంజిన్‌లో తెలుగు వాయిస్ దించుకుని, రీడ్‌ఎరాలో పుస్తకం తెరిచి చదివించమంటే చాలు. వాయిస్ ముందే దించుకుంటాం కాబట్టి నెట్ లేకున్నా నడుస్తుంది. ఫైలు ఈపబ్ కావాలి. అను ఫాంట్ల పీడీఎఫ్ ఇస్తే ఇంగ్లీషు ముక్కలు పలుకుతుంది, స్కాన్ ఇస్తే మౌనంగా ఉంటుంది. వినిపించాలనుకున్నది స్కాన్‌లోనే ఉంటే ఆ కథ వరకు పేజీల్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అచ్చు శుభ్రంగా ఉంటే తెలుగు అక్షరాలను బాగానే గుర్తిస్తుంది. తప్పులు దిద్ది ఈపబ్‌గా సేవ్ చేసుకోవచ్చు. నవల మొత్తానికి ఈ పని బరువు, ఒక కథకి ఒక సాయంత్రం సరిపోతుంది.

మొదట్లో చదివే వేగం తగ్గించి పెట్టండి, మామూలు వేగంలో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి ఉండదు. పద్యాలకు మాత్రం ఈ గొంతు వాడకండి. యతి దగ్గర ఆగదు, పాదం తెలియదు, సమాసాన్ని ఎక్కడపడితే అక్కడ విరుస్తుంది. వచనం, వ్యాసాలు, కథలు బాగా వినిపిస్తుంది.